వయసు మీరిన ఎముక: కణాలు, జన్యువులు, కొన్ని అరుదైన కుటుంబాలు

(భీమవరంలో సాధారణ ప్రజలనూ వైద్య విద్యార్థులనూ ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకూ, వేదిక మీది పెద్దలకూ, వైద్య విద్యార్థులకూ, నడుం నొప్పి గురించి ఎవరో మాట్లాడతారని విని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి శ్రమపడి వచ్చిన పెద్దవారికీ నమస్కారం. నేను నడుం నొప్పికి మందు రాసే వైద్యుణ్ణి కాను, ఎముకలోని కణాల మీద పనిచేసే ప్రయోగశాల మనిషిని. అయితే ఎనభై ఏళ్ళ మామ్మగారు స్నానాల గదిలో కాలు జారి కూలబడినంత మాత్రానికే తుంటి ఎందుకు విరుగుతుంది, అదే గదిలో అలాగే జారిన మనవరాలు నవ్వుకుంటూ ఎందుకు లేచిపోతుంది అన్న ప్రశ్నకు గత ముప్పై ఏళ్ళలో దొరికిన జవాబులు కొన్ని ఉన్నాయి. ఆ జవాబుల్లో బలమైనవి వేలాది ముసలివారిని పరీక్షించినందువల్ల రాలేదు. ఎముక వింతగా ఉన్న గుప్పెడు కుటుంబాలను కొందరు వైద్యులు శ్రద్ధగా గమనించినందువల్ల వచ్చాయి. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ప్రధానంగా ఆ సంగతే.

ముందుగా హద్దులు గీసుకుందాం. మోకాళ్ళ అరుగుదల వేరు, ఎముక గుల్లబారడం వేరు. మొదటిది కీలులోని మృదులాస్థి దెబ్బతిని, నడిస్తే నొప్పి పుట్టే జబ్బు. రెండవది ఎముక లోపలి అల్లిక పలచబడి, సన్నని పుల్లలు తెగిపోయి, విరిగేదాకా ఏ నొప్పీ తెలియని జబ్బు. దీన్నే ఆస్టియోపోరోసిస్ అంటున్నాం. ఒక్కొక్కప్పుడు వెన్నుపూస కుంగి విరిగినా రోగికి తెలియదు. మనిషి పొట్టి అయినట్టు, నడుం ముందుకు వంగినట్టు ఇంట్లో వాళ్ళు గుర్తిస్తారు, వయసు కదా అని సరిపెట్టుకుంటారు. నేను మాట్లాడేది ఈ రెండవ జబ్బు గురించి.

మన ఒంట్లోని కాల్షియంలో 99 శాతం, భాస్వరంలో సుమారు 85 శాతం ఎముకల్లోనూ పళ్ళలోనూ ఉంటాయి. భాస్వరం మాట వచ్చింది గనుక, భీమవరంలో నిలబడి ఒక పేరు తలచుకోకుండా ముందుకు సాగడం మర్యాద కాదు. 1895లో ఈ ఊళ్ళో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఒక పద్ధతిని ప్రచురించారు. రక్తంలో గాని కణజాలంలో గాని భాస్వరం ఎంత ఉందో నీలిరంగు గాఢతను బట్టి లెక్కగట్టే ఆ పద్ధతి దశాబ్దాల పాటు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో నడిచింది. ఎముకను కట్టే కణాలు ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమును తయారు చేస్తాయి. అది భాస్వర సమ్మేళనాల నుంచి ఫాస్ఫేట్‌ను విడగొడుతుంది. విడిపోయిన ఫాస్ఫేట్ ఎంతో తెలిస్తే ఎంజైము ఎంత ఉందో తెలుస్తుంది. రోగి ఎముకను ముట్టుకోకుండా, రక్తాన్ని చూసి, లోపల పని ఎంత జోరుగా సాగుతోందో అంచనా వేసే వైద్యానికి ఇటువంటి రంగు పరీక్షలే తొలి ఆధారాలు. సుబ్బారావు గారిని కణాలకు శక్తినిచ్చే ఏటీపీ కోసమూ, ఫోలిక్ ఆమ్లం కోసమూ తలచుకుంటాం. ఎముకల మీద పనిచేసే మాబోటి వాళ్ళం భాస్వరం లెక్క కోసం కూడా తలచుకోవాలి.

ఎముక ఒకసారి కట్టేసి వదిలేసిన కట్టడం కాదు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఏం జరుగుతుందో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కరలేదు: ధవళేశ్వరం దగ్గర నీరు ఆపుతారు, బలహీనపడిన గట్టును తవ్వుతారు, మళ్ళీ కట్టి, తొలకరికి నీరు వదులుతారు. ఎముకలోనూ పాతబడి, సన్నని బీటలు పడిన చోటును తవ్వి, కొత్త ఎముకతో నింపే పని జరుగుతుంది. కాకపోతే అక్కడ మూత కాలమంటూ లేదు. పని శరీరమంతటా లక్షలాది చోట్ల ఒకేసారి, పుట్టిన దగ్గర నుంచి పోయేదాకా సాగుతూనే ఉంటుంది. ఒక చోట తవ్వడానికి రెండు మూడు వారాలు పడితే, నింపడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. పెద్దవాళ్ళలో ఏడాదికి అస్థిపంజరంలో సుమారు పదోవంతు ఇలా కొత్తదవుతుంది. తవ్వినంతా నింపితే ఎముక నిలుస్తుంది. నడివయసు దాటాక ఒక్కొక్క గుంతలో కొంచెం కొంచెం లోటు మిగలడం మొదలవుతుంది, ఆ లోట్లన్నీ కలిసి ముసలితనంలో జబ్బుగా బయటపడతాయి. కాల్షియం బిళ్ళ వేసుకుంటే చాలుననుకునే వారికి నేను చెప్పేది ఇదే: కట్టడానికి సరుకు అవసరమే, కాని కట్టే కణాలు తగ్గిపోయి, తవ్వే కణాలు పెరిగిన చోట సరుకు ఒక్కటే లోటును పూడ్చలేదు.

తవ్వే కణాన్ని ఆస్టియోక్లాస్ట్ అంటారు. అది రక్తకణాల వంశానికి చెందినది. అనేక చిన్న కణాలు కలిసిపోయి, పలు కేంద్రకాలున్న ఒక పెద్ద కణమై, ఎముకకు అతుక్కుని, ఆమ్లంతో ఖనిజాన్ని కరిగించి, ఎంజైములతో కొల్లాజెన్ పీచును కోస్తుంది. కట్టే కణం ఆస్టియోబ్లాస్ట్. అది మూలుగలోని మూలకణాల నుంచి పుడుతుంది. కట్టడం పూర్తయ్యాక కొన్ని ఆస్టియోబ్లాస్టులు తాము కట్టిన ఎముకలోనే చిక్కుకుపోయి ఆస్టియోసైట్లుగా మారతాయి. పెద్దవారి ఎముకలోని కణాల్లో 90 శాతానికి పైగా ఇవే. ఒక మనిషి అస్థిపంజరంలో సుమారు 4,200 కోట్ల ఆస్టియోసైట్లు ఉంటాయని ఒక లెక్క. చాలాకాలం వీటిని పని ముగించిన కణాలుగా చూశారు. నిజానికి మిగిలిన రెండు రకాల కణాలకూ పని పురమాయించేవి ఇవే. సన్నని గొట్టాల గుండా చాచిన కొమ్మలతో ఒకదానినొకటి అంటిపెట్టుకుని ఉండి, నడిచినప్పుడు, బరువెత్తినప్పుడు ఎముక మీద పడే ఒత్తిడిని పసిగట్టి, ఎక్కడ కట్టాలో ఎక్కడ తవ్వాలో రసాయన సంకేతాల ద్వారా తెలియజేస్తాయి. బరువు పడకపోతే ఏమవుతుందో వ్యోమగాములను చూస్తే తెలుస్తుంది: అంతరిక్షంలో తుంటి ఎముక నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం దాకా తగ్గిపోతుంది.

తవ్వే కణం పుట్టడానికి ఒక సంకేతం కావాలి. 1997, 1998 సంవత్సరాల్లో అమెరికాలోనూ జపాన్‌లోనూ వేర్వేరుగా పనిచేసిన బృందాలు దాన్ని పట్టుకున్నాయి. ర్యాంక్‌ఎల్ అనే ప్రోటీను తవ్వే కణాలను పుట్టిస్తుంది. ఆస్టియోప్రొటెజెరిన్ అనే మరో ప్రోటీను ఆ ర్యాంక్‌ఎల్‌ను పట్టేసి పనిచేయనివ్వదు. ఈ రెండింటి నిష్పత్తి మీద ఎముక భవిష్యత్తు చాలావరకు ఆధారపడి ఉంటుంది. స్త్రీలలో ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఉన్నంతకాలం ఆ నిష్పత్తి అదుపులో ఉంటుంది. ముట్లుడిగి ఈస్ట్రోజెన్ పడిపోగానే ర్యాంక్‌ఎల్ పైచేయి అవుతుంది, తవ్వే కణాలు ఎక్కువగా పుట్టి ఎక్కువకాలం బతుకుతాయి. అందుకే ఆ తరవాతి ఐదారేళ్ళలో ఎముక అతి వేగంగా తగ్గుతుంది. మన దగ్గర చిన్నవయసులోనే గర్భసంచితో పాటు అండాశయాలను కూడా తీయించుకున్న స్త్రీలకు ఈ తగ్గుదల పదేళ్ళో పదిహేనేళ్ళో ముందే మొదలవుతుంది. శస్త్రచికిత్స చేయించుకున్న సంగతి ఎముక వైద్యునికి చెప్పాలన్న ఆలోచన చాలామందికి రాదు, అడగాలన్న ఆలోచన కొందరు వైద్యులకూ రాదు.

ఈస్ట్రోజెన్ స్త్రీల సంగతి, మగవాళ్ళ ఎముకను కాపాడేది టెస్టోస్టెరోన్ అని పుస్తకాల్లో ఉండేది. 1994లో ఒక్క రోగి ఆ అభిప్రాయాన్ని తలకిందులు చేశాడు. అతనికి 28 ఏళ్ళు, 204 సెంటీమీటర్ల ఎత్తు, ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. ఎముకల చివర ఉండే పెరుగుదల పలకలు మూసుకోలేదు. టెస్టోస్టెరోన్‌కు లోటు లేదు, అయినా ఎముకలు గుల్లబారి ఉన్నాయి. పరీక్షిస్తే ఈస్ట్రోజెన్ గ్రాహకపు (అంటే ఆ హార్మోను సంకేతాన్ని అందుకునే ప్రోటీను) జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా చెడిపోయిన రూపంలోనే వచ్చిందని తేలింది. మగవాడి ఎముకకూ ఈస్ట్రోజెన్ కావాలని తెలియడానికి వేలమంది అక్కరలేకపోయింది. ఇక్కడే నా ప్రధాన విషయం మొదలవుతుంది గాని, అంతకు ముందు వయసు సంగతి ముగించాలి.

ముట్లుడగడం వల్ల వచ్చే నష్టం కొన్నేళ్ళకు నెమ్మదిస్తుంది. వయసు వల్ల వచ్చేది నెమ్మదించదు, స్త్రీలనూ పురుషులనూ ఒకే తీరుగా వెంటాడుతుంది. మూలుగలోని మూలకణం ఆస్టియోబ్లాస్టు కాగలదు, కొవ్వు కణమూ కాగలదు. వయసు పెరిగేకొద్దీ కొవ్వు వైపే ఎక్కువగా మొగ్గుతుంది. ఆ మొగ్గును నడిపించే జన్యువుల్లో ఒకటి పీపార్ గామా. మధుమేహానికి వాడిన రోసిగ్లిటజోన్ అనే మందు సరిగ్గా ఆ పీపార్ గామానే ఉత్తేజపరుస్తుంది. ఆ మందు వాడిన స్త్రీలలో ఎముకలు విరగడం పెరిగిందని 2006–07 ప్రాంతంలో బయటపడటం ప్రయోగశాల చెప్పిన మాటకు రోగుల నుంచి వచ్చిన సాక్ష్యం.

రెండవ మార్పు కణాల వృద్ధాప్యం. దెబ్బతిన్న కొన్ని కణాలు చావవు, విభజన చెందవు. ఊరుకోకుండా పక్కనున్న కణాలకు హాని చేసే వాపు రసాయనాలను వెదజల్లుతూ ఉంటాయి. ముసలి ఎముకలో ఆస్టియోసైట్లు అనేకం ఈ స్థితికి చేరతాయి. 2017లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో సందీప్ ఖోస్లా బృందం ముసలి ఎలుకల్లో ఇటువంటి కణాలను తొలగిస్తే ఎముక నష్టం తగ్గిందని చూపింది. పత్రికలు దాన్ని పండుగ చేసుకున్నాయి. అదే బృందం దసటినిబ్, క్వెర్సెటిన్ అనే రెండు మందులను కలిపి 60 మంది ముట్లుడిగిన స్త్రీలకు 20 వారాల పాటు విడతలు విడతలుగా ఇచ్చి 2024లో ప్రచురించిన ఫలితం మాత్రం అంత పండుగ కాదు: ఎముక కరగడాన్ని సూచించే రక్త పరీక్షలో మందు వాడిన వారికీ వాడని వారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. క్వెర్సెటిన్ బిళ్ళలను అంతర్జాలంలో కొనుక్కుని వేసుకుంటున్న వారు ఈ రెండవ వార్త కూడా చదవాలి.

ఇక జన్యువులు. కవలల మీద జరిగిన అధ్యయనాలను బట్టి మనుషుల మధ్య ఎముక సాంద్రతలో కనిపించే తేడాలో 50 నుంచి 85 శాతం దాకా వంశపారంపర్యం. తల్లికో తండ్రికో తుంటి విరిగి ఉంటే బిడ్డలకు ఆ ప్రమాదం ఎక్కువ. మరి ఆ జన్యువు ఏది? 1994లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు విటమిన్ డి గ్రాహకపు జన్యువు ఒక్కటే ఈ వారసత్వంలో మూడొంతులకు కారణమని నేచర్ పత్రికలో ప్రకటించారు. ప్రపంచమంతా ఆ జన్యువు వెంట పడింది. ఇతరులు చేసి చూస్తే అంత ప్రభావం దొరకలేదు, 1997లో ఆ పరిశోధకులే తమ వ్యాసానికి సవరణ ప్రచురించారు. ఒక జబ్బుకు ఒక జన్యువు అన్న ఆశ అక్కడితో సన్నగిల్లింది. 2012లో అనేక దేశాల శాస్త్రజ్ఞులు కలిసి సాంద్రతతో ముడిపడిన 56 జన్యు స్థానాలను గుర్తించారు. కొన్నేళ్ళకు బ్రిటన్‌లోని యూకే బయోబ్యాంకులో 4,26,824 మంది మడమ ఎముకను కొలిచి, వారి జన్యువులతో పోల్చిచూస్తే ఆ సంఖ్య 518కి చేరింది. ఇన్ని స్థానాలు కలిపినా మడమ కొలతలోని తేడాలో ఐదోవంతు మాత్రమే వివరించగలిగారు. ఒక్కొక్క స్థానం ప్రభావం అంత స్వల్పం.

అటువంటి లెక్కలు ఎక్కడ వెతకాలో చూపిస్తాయి గాని, ఎముకలో ఏ సంకేతం ఏ పని చేస్తుందో అంత తేటగా చెప్పవు. తేటగా చెప్పింది అరుదైన కుటుంబాలే.

నెదర్లాండ్స్‌లో ఉర్క్ అనే ఊరుంది. చేపల వేట మీద బతికే ఊరు, ఒకప్పుడు ద్వీపం. బయటి సంబంధాలు తక్కువ. మన సముద్ర తీరపు ఊళ్ళు తెలిసిన వారికి అటువంటి ఊరును ఊహించుకోవడం కష్టం కాదు. 1955లో ఫాన్ బ్యూకెమ్ అనే వైద్యుడు ఒక వింత జబ్బును వర్ణించాడు. తరవాత దొరికిన రోగుల్లో ఎక్కువ మంది ఉర్క్ వాళ్ళే. దవడ వెడల్పవుతుంది, పుర్రె మందమవుతుంది, ఎముక పెరిగి నరాలను నొక్కడం వల్ల ముఖం చచ్చుపడుతుంది, చెవులు వినపడకుండా పోతాయి. కాని ఎముకలు విరగవు. దక్షిణాఫ్రికాలోని ఆఫ్రికానర్ కుటుంబాల్లో ఇంతకన్నా తీవ్రమైన మరొక జబ్బు ఉంది, దాని పేరు స్క్లెరోస్టియోసిస్; అందులో వేళ్ళు కలిసిపోయి పుట్టడం కూడా ఉంటుంది. వాళ్ళూ డచ్చి సంతతివారే. 2001లో స్క్లెరోస్టియోసిస్‌కు కారణమైన జన్యువు దొరికింది. మరుసటి ఏడాది ఉర్క్ రోగుల్లో అదే జన్యువుకు దిగువన 52,000 అక్షరాల డీఎన్ఏ ముక్క లోపించిందని తేలింది. ఆ జన్యువు తయారు చేసే ప్రోటీనుకు స్క్లెరోస్టిన్ అని పేరు పెట్టారు.

స్క్లెరోస్టిన్‌ను తయారు చేసేది, నేను ఇందాక చెప్పిన, ఎముకలో చిక్కుకుపోయిన ఆస్టియోసైట్లు. అది కట్టే కణాలను ఆపుతుంది. నడక, బరువు ఎముక మీద పడినప్పుడు స్క్లెరోస్టిన్ తగ్గి కట్టడం సాగుతుంది, మంచాన పడితే పెరిగి కట్టడం ఆగుతుంది. స్క్లెరోస్టిన్ వెళ్ళి అడ్డుపడే చోటు కట్టే కణం మీద ఉండే ఎల్ఆర్‌పీ5, ఎల్ఆర్‌పీ6 అనే గ్రాహకాలు. ఈ ఎల్ఆర్‌పీ5 కథ కూడా కుటుంబాల కథే. ఆ జన్యువు పూర్తిగా చెడిపోతే బిడ్డ చిన్నతనంలోనే చూపు కోల్పోతుంది, ఎముకలు చిటుక్కున విరుగుతాయి. ఇది 2001లో తేలింది. అదే జన్యువులో వేరొక చోట ఒక్క అక్షరం మారితే, స్క్లెరోస్టిన్ వంటి అడ్డంకులు దాని మీద సరిగా పనిచేయక, ఎముక అసాధారణంగా గట్టిపడుతుంది. ఇది 2002లో అమెరికా కుటుంబాల్లో తేలింది. ఒకే జన్యువు, ఒక వైపు గుల్ల ఎముక, మరొక వైపు విరగని ఎముక. ప్రయోగశాలలో ఎంత డబ్బు పోసినా ఇంత నిర్ద్వంద్వమైన ప్రయోగం చేయలేం.

స్క్లెరోస్టిన్ లోపించిన ఆ రోగుల తల్లిదండ్రులనూ పరీక్షించారు. ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కటే చెడిన వారికి ఎముక సగటు కన్నా గట్టిగా ఉంది, ముఖం చచ్చుపడటం వంటి బాధలేవీ లేవు. అంటే స్క్లెరోస్టిన్ కొంత తగ్గితే ఎముకకు మేలే అన్నమాట. ఆ ఆధారంతో స్క్లెరోస్టిన్‌ను పట్టి ఆపే ప్రతిరక్షకాన్ని తయారు చేశారు. దాని పేరు రోమోసోజుమాబ్, 2019లో జపాన్, అమెరికా దేశాలు అనుమతించాయి. ఏడాది పాటు నెలకోసారి ఇచ్చే ఇంజెక్షను. ఎముకను కట్టించడమూ, తవ్వకాన్ని తగ్గించడమూ రెండూ చేస్తుంది. ఒక పరీక్షలో గుండెపోటు, పక్షవాతం కొంచెం ఎక్కువగా కనిపించినందున, గడిచిన ఏడాది లోపల అవి వచ్చిన వారికి ఇవ్వకూడదన్న హెచ్చరిక అమెరికాలో మందు మీదే ఉంది.

కుటుంబం చూపిన దారి ప్రతిసారీ మందుగా ముగియదు. పిక్నోడిసోస్టోసిస్ అనే జబ్బులో మనుషులు పొట్టిగా ఉంటారు, ఎముక దట్టంగా ఉన్నా పెళుసుగా ఉంటుంది. తవ్వే కణం కొల్లాజెన్‌ను కోయడానికి వాడే కెథెప్సిన్ కె అనే ఎంజైము వారిలో లేదని 1996లో తెలిసింది. ఆ ఎంజైమును ఆపే ఒడానకాటిబ్ అనే మందు పెద్ద పరీక్షలో ఎముకలు విరగడాన్ని తగ్గించింది కూడా. కాని పక్షవాతం పెరిగిందని తేలి 2016లో తయారీదారులు దాన్ని వదిలేశారు. ర్యాంక్‌ఎల్‌ను ఆపే డెనోసుమాబ్ సంగతి మరొక రకం. 2010లో వచ్చిన ఈ మందు బాగా పనిచేస్తుంది. కాని ఆరు నెలలకోసారి వేసుకోవలసిన ఇంజెక్షనును బాగుందిలే అని మానేస్తే తవ్వకం ఒక్కసారిగా ఎగసి, వెన్నుపూసలు వరసగా విరిగే ప్రమాదం ఉంది. తవ్వే కణాలు పని అయ్యాక చావకుండా చిన్న కణాలుగా చీలి, మళ్ళీ కలిసి పెద్ద కణాలు కాగలవని 2021లో సిడ్నీ శాస్త్రజ్ఞులు ఎలుకల్లో చూపారు. మందు ఆపాక కనిపించే ఎగుడుకు అది ఒక కారణం కావచ్చు. ఈ సభలో ఎవరైనా ఆ ఇంజెక్షను వాడుతుంటే, తరవాత ఏ మందుకు మారాలో వైద్యుణ్ణి అడగకుండా మానవద్దు.

పేజెట్ జబ్బు గురించి ఒక్క మాట. 1877లో జేమ్స్ పేజెట్ వర్ణించిన ఈ జబ్బు కూడా వయసు మీరాకే వస్తుంది, తవ్వకమూ కట్టడమూ రెండూ అదుపు తప్పుతాయి, ఎముక ఉబ్బి వంకరపోతుంది. ఎస్‌క్యూఎస్‌టీఎం1 అనే జన్యువులోని మార్పులు కొన్ని కుటుంబాల్లో కారణమని 2002లో తేలింది. బ్రిటన్‌లో ఎక్కువ, మన దేశంలో అరుదు.

సాంద్రత పెరిగితే బలం పెరిగినట్టేనా అన్న ప్రశ్నకు తెలుగువాళ్ళం మిగిలినవారి కన్నా ముందే జవాబు తెలుసుకున్నాం. అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో బావి నీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగుసుకుపోయిన మనుషులను గురించి 1937లోనే వైద్యులు ప్రచురించారు. ఫ్లోరైడు కట్టే కణాలను ఉత్తేజపరుస్తుంది, ఎక్స్‌రేలో ఎముక తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. ఆ గుణాన్ని చూసి అమెరికాలో ముట్లుడిగిన స్త్రీలకు నాలుగేళ్ళు సోడియం ఫ్లోరైడు ఇచ్చి చూశారు. 1990లో వచ్చిన ఫలితం ప్రకారం నడుం ఎముక సాంద్రత 35 శాతం పెరిగింది, వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగినంతగా తగ్గలేదు, మిగిలిన ఎముకలు విరగడం పెరిగింది. మధుమేహం ఉన్నవారిలోనూ ఇటువంటి చిక్కే ఉంది: కొలిస్తే సాంద్రత బాగానే ఉంటుంది, ఎముక మాత్రం తేలికగా విరుగుతుంది. మధుమేహం ఇంటింటా ఉన్న ఈ జిల్లాల్లో బీఎండీ (ఎముక సాంద్రత పరీక్ష) కాగితం మీద అంకె ఒక్కటే చూసి ధైర్యపడటం నాకు నచ్చదు.

జన్యువుల మాట చెప్పి, తిండీ పనీ ఎండా ఊసెత్తకపోతే అది సగం మాటే. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, పాలిష్ పట్టిన బియ్యంలో పది మిల్లీగ్రాములు ఉంటే ఎక్కువ. కాలువలు వచ్చాక డెల్టా వరి మీదే నిలబడింది, అంబలి మెట్ట వాళ్ళ తిండి అయిపోయింది. చీరమేను, మెత్తళ్ళు ముల్లుతో సహా తినే ఇళ్ళలో ఆ లోటు కొంత తీరుతుంది. ఎండకు కరువు లేని దేశంలో విటమిన్ డి లోపమేమిటని అడుగుతారు. తిరుపతి వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో పల్లెల్లోనూ పట్నంలోనూ ఆరోగ్యంగా ఉన్నవారిలో సైతం ఆ లోపం విస్తారంగా కనిపించింది. నరసాపురం వైపు లేసు అల్లే స్త్రీలు, రొయ్యల శుద్ధి కేంద్రాల్లో చల్లటి గదుల్లో నిలబడి పనిచేసే స్త్రీలు పగలంతా నీడలోనే ఉంటారు. వీటన్నిటి కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది కీళ్ళ నొప్పులకు ఏ చీటీ లేకుండా నెలల తరబడి మింగే స్టెరాయిడ్ బిళ్ళ. నొప్పి వెంటనే తగ్గుతుంది గనుక అది మంచి మందనే పేరు తెచ్చుకుంటుంది. లోపల కట్టే కణాలనూ ఆస్టియోసైట్లనూ చంపుతుంది, మొదటి నెలల్లోనే విరిగే ప్రమాదం పెరుగుతుంది.

ఇప్పుడు మళ్ళీ కుటుంబాల దగ్గరకు వస్తాను. నేను చెప్పిన 4,26,824 మందీ యూరప్ సంతతివారు. పలు దేశాల వారి జన్యుపటాలు చదివిన వెయ్యి జన్యుపటాల ప్రాజెక్టులో తెలుగువారు ఉన్నారు, సుమారు వంద మంది, అదీ బ్రిటన్‌లో స్థిరపడినవారు. మన దేశంలో పది వేల మంది జన్యుపటాలు చదివిన జీనోమ్ ఇండియా పని 2024లో పూర్తయింది. ఎముక సాంద్రతను బ్రిటన్‌లో నిర్ణయించే 518 స్థానాలు కోనసీమలో అంతే బలంగా పనిచేస్తాయని అనుకోవడానికి ఆధారం లేదు.

మరొక వైపు, మన సమాజపు తీరు జన్యు శాస్త్రానికి చాలా ముఖ్యమైనది. 2017లో హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రజ్ఞులు కలిసి దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలించి, వాటిలో 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించినవని, ఆ ప్రభావం ఫిన్లాండ్ వారిలో కన్నా బలంగా ఉందని చూపారు. దానికి తోడు మేనరికం. మేనమామ, మేనకోడలు సంతానంలో ఏ జన్యు స్థానంలోనైనా ఒకే పూర్వీకుని నుంచి వచ్చిన రెండు ప్రతులు కలిసే అవకాశం ఎనిమిదింట ఒకటి. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్ళి అయితే పదహారింట ఒకటి. ఉర్క్ జబ్బు, స్క్లెరోస్టియోసిస్, పిక్నోడిసోస్టోసిస్, ఎల్ఆర్‌పీ5 చెడిపోయిన అంధత్వపు జబ్బు, ఇవన్నీ తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడిన ప్రతి వస్తేనే బయటపడేవి. మేనరికం చేసుకున్న వారిని తప్పుపట్టడానికి నేను ఈ లెక్క చెప్పడం లేదు. అటువంటి పెళ్ళిళ్ళలో అత్యధికం ఆరోగ్యవంతులైన పిల్లలనే కంటాయి. ఎముకకు సంబంధించి ఇంకా ఎవరికీ తెలియని జన్యువు ఒకటి ఈ గోదావరి పాయల మధ్య ఏదో ఒక ఇంట్లో ఉండి ఉండటానికి అవకాశం ఎక్కువని, దాన్ని మొదట చూడబోయేది హార్వర్డ్ కాక ఇక్కడి చిన్న ఆసుపత్రిలోని ఎముకల వైద్యుడేనని చెబుతున్నాను.

కాబట్టి వైద్య విద్యార్థులకు, ఎక్స్‌రే తీసే సాంకేతిక నిపుణులకు, ఊళ్ళలో తిరిగే ఆశా కార్యకర్తలకు నా అభ్యర్థన సూటిగా ఉంటుంది. నలభై దాటకుండానే, పెద్ద దెబ్బ లేకుండా, వెన్నుపూసో తుంటో విరిగిన మనిషి కనిపిస్తే కాల్షియం రాసి పంపేయకండి. ఎక్స్‌రేలో ఎముక ఉండవలసిన దానికన్నా తెల్లగా, పుర్రె మందంగా ఉంటే, ముందుగా ఫ్లోరైడు నీళ్ళ ఊరు కాదని తేల్చుకుని, తరవాత చెవుల సంగతి, ముఖం సంగతి అడగండి. చిన్నప్పుడే చూపు పోయి తరచు ఎముకలు విరిగే బిడ్డ ఉంటే, అన్నదమ్ములనూ అక్కచెల్లెళ్ళనూ చూడండి. ప్రతి సందర్భంలోనూ తాత ముత్తాతల దాకా, ఎవరు ఎవరిని చేసుకున్నారో, ఎవరికి ఏ వయసులో ఏ ఎముక విరిగిందో వంశవృక్షం గీయండి. ఈ పని మన ఊళ్ళలో పెద్ద ముత్తైదువులు కంప్యూటరు కన్నా బాగా చేసిపెడతారు. వారి అనుమతితో తల్లిదండ్రుల రక్తం, జబ్బున్న వారి రక్తం, జబ్బు లేని తోబుట్టువుల రక్తం మూడూ తీసి ఉంచాలి. జబ్బున్న వారి రక్తం ఒక్కటే ఉంటే కనిపించిన వందల మార్పుల్లో ఏది కారణమో తేల్చడం చాలా కష్టం. తీసే ముందే, ఫలితం పెళ్ళీడు పిల్లల సంబంధాల దాకా పోతుందన్న భయం ఆ ఇంట్లో ఉంటుందని గుర్తుపెట్టుకుని, పేర్లు బయటకు రావని, వద్దనుకుంటే ఎప్పుడైనా తప్పుకోవచ్చని, ఫలితం తెలుసుకోవడమూ మానుకోవడమూ వారి ఇష్టమేనని వారికి అర్థమయ్యే మాటల్లో చెప్పి, కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆ కాగితం తెలుగులో ఉండాలి.